ఎకనామెట్రిక్స్ మాస్టర్స్ రెండేళ్లు: ఏం దొరికింది, ఏం దొరకలేదు

ఈ కోర్సులో చేరకముందు నాలుగేళ్లు ఒక బీమా సంస్థలో రిపోర్టులు తయారుచేసే ఉద్యోగం చేశాను. పాలసీ గడువు దగ్గరపడినవాళ్లలో కొందరికి మా కాల్ సెంటర్ నుంచి గుర్తుచేస్తూ ఫోన్లు వెళ్లేవి. ఒక నెల నేను వేసిన గ్రాఫులో ఫోన్ వెళ్లినవాళ్ల రెన్యూవల్ శాతం, వెళ్లనివాళ్లకంటే బాగా తక్కువ వచ్చింది. మీటింగులో పెద్దాయన ఒకరు "అయితే ఫోన్లు ఆపేద్దామా?" అని అడిగారు. ఆపకూడదని నాకు తెలుసు. కట్టరేమో అని అనుమానం ఉన్నవాళ్లకే ఫోన్లు వెళ్తాయి కాబట్టి అంకె అలా వచ్చింది. అదే చెప్పాను. "సరే, మరి ఫోన్ వల్ల మనకు ఎంత కలిసొస్తోంది?" అన్నారాయన. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు ఎలా వెతకాలో కూడా తెలీదు.

అది నేర్చుకోవాలనే ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాల్ని గణాంకాలతో కొలిచే శాస్త్రం), అప్లైడ్ డేటా అనాలిసిస్ మాస్టర్స్‌లో చేరాను. పోయిన నెల డిగ్రీ చేతికొచ్చింది. చేరాలా వద్దా అని తెలిసినవాళ్లు అడుగుతున్నారు, అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. విశ్వవిద్యాలయం పేరు చెప్పను. ఈ డిగ్రీ ఎక్కడ చదివినా చట్రం దాదాపు ఇదే, నేను మెచ్చుకునేదీ బాధపడేదీ ఆ చట్రం గురించే.

మొదటి సెమిస్టర్ కష్టం దాచి లాభం లేదు. మ్యాట్రిక్స్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, వాటి మీద లీస్ట్ స్క్వేర్స్ (డేటాకు అతి దగ్గరగా పోయే గీతను కనుక్కునే పద్ధతి) నిరూపణలు. ఆరు వారాలు బోర్డు, సుద్దముక్క తప్ప ఇంకేమీ లేదు. కోర్సు పేరులో 'అప్లైడ్' అన్న మాట చూసి వచ్చినవాళ్లకు ఇది మింగుడుపడలేదు. మాతో మొదలుపెట్టిన ముప్పై నలుగురిలో ఐదుగురు ఆ సెమిస్టర్‌లోనే మానేశారు. ఉద్యోగం నుంచి వచ్చిన నేను ఐగెన్ వాల్యూ అంటే ఏమిటో మళ్లీ మొదటినుంచి చదువుకోవాల్సి వచ్చింది. చేరే ముందు రెండు నెలలు లీనియర్ ఆల్జీబ్రా తిరగేసి ఉంటే ఆ రాత్రుల్లో సగం నిద్ర దక్కేది. చేరబోయేవాళ్లు ఇంకేం చేయకపోయినా ఆ పని మాత్రం చేసుకుని రండి.

ఏడో వారం మొదటిసారి ల్యాబ్‌కి వెళ్లాం. జీతాల డేటా ఇచ్చారు: ఒక్కో మనిషికి జీతం లాగరిథం, చదివిన ఏళ్లు, అనుభవం. మూడింటినీ కలిపి, చదువూ అనుభవమూ మారితే జీతం ఎలా మారుతుందో లెక్కకట్టే రిగ్రెషన్ నడిపి, చదువు పక్కనున్న కోఎఫిషియంట్ (చదువు ఒక ఏడాది పెరిగితే జీతం లాగరిథం ఎంత మారుతుందో చెప్పే అంకె) కాగితం మీద రాసుకోమన్నారు మేడమ్. నాకు 0.0873 వచ్చింది. ఆ తర్వాత చదువును అనుభవం మీద రిగ్రెస్ చేసి, మిగిలిన రెసిడ్యువల్స్‌ని, అంటే అనుభవంతో వివరించలేని మిగులును, పక్కన పెట్టమన్నారు. జీతాన్ని కూడా అనుభవం మీద రిగ్రెస్ చేసి ఆ రెసిడ్యువల్స్ కూడా తీయమన్నారు. చివరికి జీతం మిగులును చదువు మిగులు మీద నడపమన్నారు. మళ్లీ 0.0873. దశాంశాలు పెంచుకుంటూ పోయాను, పన్నెండో స్థానం దాకా అవే అంకెలు. స్టాండర్డ్ ఎర్రర్‌లో (ఆ అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత) మాత్రం చివర్న కాస్త తేడా ఉంది, అది డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ లెక్క వల్ల అని మేడమ్ చెప్పారు.

దీన్ని ఫ్రిష్, వా అనే ఇద్దరు 1933లో చూపించారు, లోవెల్ 1963లో విస్తరించారు. ఎకనామెట్రిక్స్ అన్న మాటను ఈ అర్థంలో వాడుకలోకి తెచ్చిన రాగ్నార్ ఫ్రిష్ ఈయనే. 1969లో మొట్టమొదటి ఆర్థికశాస్త్ర నోబెల్‌ను టిన్‌బర్గెన్‌తో కలిసి అందుకున్నది కూడా ఈయనే. నిరూపణ నాలుగు వారాల ముందే బోర్డు మీద చేశాం. కానీ ఆ రెండు అంకెలు ఒకటిగా రావడం కళ్లారా చూశాకే, నాలుగేళ్లుగా నేను రిపోర్టుల్లో రాస్తూ వచ్చిన 'మిగతావన్నీ స్థిరంగా ఉంచితే' అన్న మాటకు అర్థం తెలిసింది. మిగతావన్నీ తమ వాటా తీసుకుపోయాక ఆ వేరియబుల్‌లో ఏం మిగిలిందో, ఆ మిగులు నుంచే కోఎఫిషియంట్ పుడుతుంది. అక్కడికక్కడే నా బీమా గ్రాఫు గుర్తొచ్చింది. మా దగ్గర సాఫ్ట్‌వేర్ ప్రతి కస్టమర్‌కీ నూటికి ఇంత అని 'కట్టకపోవచ్చు' స్కోరు ఇచ్చేది. 60, ఆపైన ఉంటే ఫోన్ లిస్టులోకి వెళ్తారు. అంటే ఎవరికి ఫోన్ వెళ్తుందో పూర్తిగా ఆ స్కోరే తేలుస్తుంది. స్కోరు విలువ ఒకటే అయిన ఇద్దరిని తీసుకుంటే ఇద్దరికీ ఫోన్ వెళ్తుంది, లేదా ఇద్దరికీ వెళ్లదు. పోల్చడానికి మిగులే లేదు. ఎన్ని కంట్రోల్స్ (లెక్కలో స్థిరంగా ఉంచే వేరియబుల్స్) పెట్టినా ఆ ప్రశ్న ఎందుకు తెమల్లేదో ఆ రోజు అర్థమైంది. నా వరకు ఆ ఒక్క ల్యాబ్‌తోనే మొదటి సెమిస్టర్ ఫీజు గిట్టింది.

రెండో సెమిస్టర్‌లో వచ్చే కాజల్ ఇన్ఫరెన్స్ (ఏది దేనికి కారణమో తేల్చే) పేపరే ఈ కోర్సుకు ప్రాణం. అందులో సగం మార్కులు ఒకే అసైన్‌మెంటుకి. అచ్చయిన ఒక పరిశోధనా పత్రం తీసుకుని, దాని డేటాతో దాని పట్టికల్ని మొదటినుంచి మళ్లీ రాబట్టాలి. ఎందుకో సార్ మొదటి క్లాసులోనే చెప్పారు. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ రాసిన పత్రంలో, అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం అని ఉంది. ప్రభుత్వ ఖర్చులు తగ్గించాలనే వాదనల్లో ఆ అంకెను విరివిగా వాడారు. థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి క్లాసు అసైన్‌మెంటు కోసం దాన్ని మళ్లీ రాబట్టబోతే రాలేదు. రచయితల ఎక్సెల్ షీట్ తెప్పించుకుని చూస్తే సగటు ఫార్ములాలో ఐదు దేశాల వరుసలు కలవనేలేదు. దాన్ని, వదిలేసిన సంవత్సరాల్ని, సగటు తీసిన తీరుని సరిచేసి 2013లో హెర్న్‌డన్, అతని ప్రొఫెసర్లు ఇద్దరు వేసిన లెక్కలో వచ్చింది 2.2 శాతం. ఇది విన్నాక మాలో ఎవరూ ఆ అసైన్‌మెంటును తేలిగ్గా తీసుకోలేదు.

నాకు వచ్చింది డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్‌ల 1994 పత్రం. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. రెండు వైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ షాపుల్ని పెంపుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సర్వే చేసి ఎంతమంది పనిచేస్తున్నారో అడిగారు. వినడానికి ఇంతే. ఫైలు తెరిస్తే ఫుల్‌టైమ్ వాళ్లు ఒక కాలమ్, మేనేజర్లు ఒక కాలమ్, పార్ట్‌టైమ్ వాళ్లు ఒక కాలమ్. పార్ట్‌టైమ్ మనిషిని సగంగా లెక్కేసి కలపాలి. పెంపుకు ముందు సగటులు తేలిగ్గానే కలిశాయి: న్యూజెర్సీలో షాపుకు 20.44 మంది, పెన్సిల్వేనియాలో 23.33. పెంపు తర్వాతి అంకెలు మాత్రం పత్రంలో ఉన్నవాటికంటే కాస్త పెద్దవిగా వస్తున్నాయి. రెండు రోజులు కూర్చున్నాను. కోడ్ మొత్తం తీసేసి మళ్లీ రాశాను, అవే అంకెలు.

చివరికి పట్టిక కింద సన్న అక్షరాల్లో దొరికింది. శాశ్వతంగా మూతపడ్డ షాపుల్లో ఉద్యోగుల సంఖ్యను సున్నాగా తీసుకున్నారు, తాత్కాలికంగా మూసి ఉన్నవాటిని మిస్సింగ్‌గా వదిలేశారు. నేను మూసి ఉన్నవన్నీ మిస్సింగ్ చేసేశాను. సరిచేయగానే 21.03, 21.17 వచ్చాయి. రెండు రాష్ట్రాల మార్పుల మధ్య తేడా షాపుకు 2.76 మంది, వేతనం పెంచిన వైపే మొగ్గు. అంకెలు కలిసినందుకు సంతోషించాను, కానీ అంతకంటే ఎక్కువగా ఆ సున్నా నన్ను ఆలోచనలో పడేసింది. మూతపడ్డ షాపులో ఉద్యోగాలు పోయాయి. అలాంటి షాపును డేటాలోంచి తీసేస్తే, వేతనం పెంపు ఏదైనా నష్టం చేసి ఉంటే దాన్ని మన చేత్తో మనమే దాచినట్టు అవుతుంది. సున్నా పెట్టాలా ఖాళీ పెట్టాలా అన్నది టైపింగ్ పని కాదు, అర్థశాస్త్రం అక్కడే ఉంది. ఈ పనికి కార్డ్‌కు 2021 నోబెల్‌లో వాటా దక్కింది. క్రూగర్ అప్పటికి రెండేళ్ల ముందే పోయారు. ఆయన రాసిన డేటా ఫైలు మీద అన్ని గంటలు గడిపినందుకో ఏమో, ఆ సంగతి చదివినప్పుడు తెలిసినవాళ్లు పోయినట్టే అనిపించింది.

అదే పేపర్‌లో బయటినుంచి వచ్చిన కదలికను వాడుకునే ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్స్, ఒక హద్దుకు అటూ ఇటూ ఉన్నవాళ్లని పోల్చే రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ, ఒకే గుంపులోని పరిశీలనలు ఒకదాన్నొకటి పోలి ఉండటాన్ని లెక్కలోకి తీసుకునే క్లస్టర్ స్టాండర్డ్ ఎర్రర్స్ వరుసగా వస్తాయి. అన్నింటి వెనకా ఉన్న ప్రశ్న ఆ ల్యాబ్‌లో పుట్టినదే: ఈ వేరియబుల్‌లో మిగిలిన కదలిక ఎక్కడినుంచి వచ్చింది? క్లస్టరింగ్ గురించి ఒక ముక్క చెప్పి తీరాలి. బెర్ట్రాండ్, డఫ్లో, ముల్లయినాథన్ 2004లో అసలు లేని చట్టాల్ని ఊహించుకుని, ఇష్టమొచ్చిన రాష్ట్రాలకు, ఇష్టమొచ్చిన సంవత్సరాలకు అంటగట్టి, మామూలు స్టాండర్డ్ ఎర్రర్లతో పరీక్షించారు. 5 శాతం సార్లు మాత్రమే 'ప్రభావం ఉంది' అని రావాల్సింది, 45 శాతం దాకా వచ్చింది. ఇది చదివిన రాత్రి నా పాత రిపోర్టుల్లో ఎన్నింటిని మళ్లీ చూసుకోవాలో లెక్కపెట్టుకున్నాను.

మ్యాగ్జిమమ్ లైక్లీహుడ్ (చేతిలో ఉన్న డేటా రావడానికి ఎక్కువ అవకాశమిచ్చే విలువల్ని వెతికే పద్ధతి) పాఠాలు పొడిపొడిగా సాగాయి. ఒక్క రోజు మాత్రం గుర్తుండిపోయింది. వాల్డ్ టెస్ట్, లైక్లీహుడ్ రేషియో టెస్ట్ చెప్పి, మూడోది స్కోర్ టెస్ట్, సి. ఆర్. రావు, 1948 అని బోర్డు మీద రాశారు. క్రామెర్–రావు హద్దు (ఒక అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో చెప్పేది) ఆయన 1945లో, పాతికేళ్ల వయసులో అచ్చువేసిన పత్రంలోది. రోజూ వాడే సాఫ్ట్‌వేర్ అవుట్‌పుట్‌లో ఒక తెలుగువాడి పని దాగి ఉందని తెలిసి ఒళ్లు పులకరించింది.

టైమ్ సిరీస్‌కు, అంటే కాలక్రమంలో నమోదైన డేటాకు, ఇచ్చిన సమయం చాలదు. యూనిట్ రూట్, కోఇంటిగ్రేషన్, ఎంగిల్ 1982లో తెచ్చిన ఆర్చ్ మోడల్, అన్నీ పన్నెండు వారాల్లో కుక్కేశారు. పరీక్ష రాశాను, నేర్చుకున్నానని మాత్రం చెప్పలేను. ఒక్క ల్యాబ్ బాగుంది. ఒకదానితో ఒకటికి సంబంధం లేని రెండు ర్యాండమ్ వాక్‌లు (ప్రతి అడుగూ యాదృచ్ఛికంగా పడే వరుసలు), ఒక్కోదానిలో వంద పరిశీలనలు, అలాంటి జతలు వెయ్యి సృష్టించి రిగ్రెషన్ నడిపితే దాదాపు ముప్పావు వంతు జతల్లో పీ వాల్యూ 0.05 కంటే తక్కువ వచ్చింది, అంటే లేని సంబంధం ఉన్నట్టు కనిపించింది. గ్రేంజర్, న్యూబోల్డ్ 1974లో చూపించింది ఇదే. దానికి చాలా ముందే, 1926లో, యూల్ ఇంగ్లండ్ చర్చిలో జరిగే పెళ్లిళ్ల నిష్పత్తికీ మరణాల రేటుకీ మధ్య 0.95 కోరిలేషన్ చూపించి ఇలాంటి అంకెల్ని నమ్మొద్దని హెచ్చరించారు. ఫైనాన్స్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు టైమ్ సిరీస్‌కు రెండు పేపర్లు ఉన్న చోటు వెతుక్కోండి. ఒకటి సరిపోదు.

ఇక నా అసంతృప్తి. కోర్సు పేరులో రెండో సగం 'అప్లైడ్ డేటా అనాలిసిస్'. ఆ సగం నేర్పలేదు, మాకు మేమే నేర్చుకున్నాం. డేటాబేస్‌లోంచి డేటా తీసే భాష ఎస్‌క్యూఎల్ సిలబస్‌లో లేదు. మొదటి ఏడాది స్టాటా అనే గణాంకాల సాఫ్ట్‌వేర్, రెండో ఏడాది ఆర్ (R), మెషీన్ లెర్నింగ్‌కు పైథాన్. ఏ ఒక్కటీ కుదురుగా అబ్బేలోపు ఇంకొకటి వచ్చేది. డేటా శుభ్రం చేయడం గురించి రెండేళ్లలో ఒకే ఒక్క గంట క్లాసు జరిగింది. దాని ఫలితం మూడో సెమిస్టర్‌లో మా గ్రూపు అనుభవించింది. ఆదాయం ఒక హద్దు దాటినవాళ్లకు 1, మిగతావాళ్లకు 0 అని స్టాటాలో ఒక వేరియబుల్ చేశాం. స్టాటా దృష్టిలో మిస్సింగ్ అంటే ఏ అంకెకంటేనైనా పెద్దది. ఆదాయం చెప్పనివాళ్లంతా మా డేటాలో ధనవంతులైపోయారు. మూడు వారాలు ఆ కోఎఫిషియంట్‌కు అర్థశాస్త్ర కారణాలు వెతుకుతూ పేజీలు రాశాం. పక్క గ్రూపు అమ్మాయి ఒకామె వచ్చి "ఒకసారి మిస్సింగ్ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారా?" అని అడిగేదాకా ఎవరికీ తట్టలేదు. ఇది మొదటి నెలలోనే, మొదటి ల్యాబ్‌లోనే నేర్పాల్సిన విషయం. నిరూపణలకు అంత సమయం ఇచ్చిన కోర్సు దీనికి పది గంటలు ఇవ్వలేకపోయిందంటే నాకు నిజంగా బాధ.

మెషీన్ లెర్నింగ్ పేపర్ కూడా అంతే. లాసో, ర్యాండమ్ ఫారెస్ట్, బూస్టింగ్, వారానికొకటి చూపించుకుంటూ వెళ్లారు. ఊహించడానికి వాడే పద్ధతి, కారణం తేల్చడానికి వాడే పద్ధతి ఎక్కడ విడిపోతాయో చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది. చివరి వారం వచ్చిన గెస్ట్ లెక్చరర్ ఒకాయన మాత్రం డబుల్ మెషీన్ లెర్నింగ్ చెప్పారు. చెర్నొజుకోవ్, సహరచయితలు 2018లో అచ్చువేసిన పద్ధతి. బోర్డు మీద ఆయన గీసింది చూసి పెన్ను కింద పెట్టేశాను. ఒక మోడల్‌తో ఫలితంలోంచి మిగులు తీయాలి, ఇంకొక మోడల్‌తో కారణంలోంచి మిగులు తీయాలి, ఫలితం మిగులును కారణం మిగులు మీద నడపాలి. మొదటి సెమిస్టర్ ఏడో వారం చేసిందే! రిగ్రెషన్ ఉన్న చోట ర్యాండమ్ ఫారెస్ట్ పెట్టి, డేటాను ముక్కలుగా విడగొట్టి ఒక ముక్కలో నేర్చుకున్నదాన్ని ఇంకో ముక్క మీద వాడతారు. ఆ పేపర్ మొత్తం ఈ ఆలోచన చుట్టూ కట్టి ఉంటే ఎంత బాగుండేదో.

థీసిస్ విషయంలో జాగ్రత్తగా ఉండండి. మాకు ఒక సంస్థతో ఒప్పందం ఉందని, అసలైన డేటా ఇస్తారని చేరేటప్పుడు చెప్పారు. పదహారు వారాల సెమిస్టర్‌లో ఆ డేటా పదకొండో వారం వచ్చింది, వచ్చిన ఫైల్లో తేదీల కాలమ్ లేదు. అప్పటికే నేను విషయం మార్చుకుని, అందరికీ అందుబాటులో ఉండే సర్వే డేటాతో మొదలుపెట్టేశాను కాబట్టి గట్టెక్కాను. నమ్ముకుని కూర్చున్న ఇద్దరు మిత్రులు ఇంకో సెమిస్టర్ కట్టాల్సి వచ్చింది. చేరే ముందు పాత విద్యార్థుల్ని ఇదొక్కటి అడగండి: థీసిస్ డేటా ఏ వారం చేతికొచ్చింది? నా గైడ్ మేడమ్ మాత్రం ప్రతి డ్రాఫ్టూ అక్షరం అక్షరం చదివి, మార్జిన్లో పెన్సిల్‌తో రాసి ఇచ్చేవారు. ప్రతి పట్టిక పక్కనా ఆవిడ రాసే ప్రశ్న ఒకటే, "ఈ కదలిక ఎక్కడిది?"

ఎవరు చేరాలి అంటే, ఒక అంకె ఎందుకు అలా వచ్చిందో తేలేదాకా నిద్రపట్టనివాళ్లు చేరండి. డేటా ఉద్యోగం త్వరగా కావాలి, మోడల్స్ నడపడం వస్తే చాలు అనుకుంటే ఇంతకంటే దగ్గరి దారులు ఉన్నాయి. రెండేళ్లు, ఇన్ని నిరూపణలు అవసరం లేదు. నన్నడిగితే ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ పోయిన ఒక మార్కు డేటా శుభ్రం చేసే పని నేర్పనందుకు.

పాత సంస్థలోనే మళ్లీ చేరాను. చేరిన వారమే ఫోన్ల డేటా తీశాను. స్కోరు 59 వచ్చినవాళ్లకూ 60 వచ్చినవాళ్లకూ పెద్ద తేడా ఉండదు, కానీ ఒకరికి ఫోన్ వెళ్తుంది, ఇంకొకరికి వెళ్లదు. థిసిల్‌త్‌వెయిట్, క్యాంప్‌బెల్ 1960లో విద్యార్థుల ప్రతిభా పురస్కారాల మీద వాడిన రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ పద్ధతి ఇక్కడ అచ్చంగా సరిపోతుంది అనుకున్నాను. రిగ్రెషన్ నడిపే ముందు, నేర్పినట్టే, స్కోర్ల హిస్టోగ్రామ్ గీశాను. 58, 59 దగ్గర పల్లం, 60 దగ్గర దిబ్బ. కాల్ సెంటర్‌లో కనుక్కుంటే తెలిసింది: లిస్టు చిన్నదైన రోజు, ఫోన్ చేస్తే కట్టేలా ఉన్నవాళ్లని చూసి సూపర్‌వైజర్లు స్కోరు 60కి పెంచి లిస్టులో చేరుస్తారట. అంటే గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకే రకం మనుషులు కాదు. ఆ డేటాతో జవాబు రాదు. అదే మీటింగు గదిలో, అదే పెద్దాయనకు ఆ హిస్టోగ్రామ్ చూపించి చెప్పాను. లిస్టులో పదిమందికి ఒకరిని లాటరీ తీసి మూడు నెలలపాటు ఫోన్ చేయకుండా వదిలేద్దాం, అప్పుడు చెప్పగలను అన్నాను. ఆయన కాసేపు ఆ దిబ్బవైపే చూసి ఒప్పుకున్నారు. మొదటి నెల ఫైలు నిన్న వచ్చింది. ఏ పోలిక చూస్తానో, ఏ స్టాండర్డ్ ఎర్రర్ వాడతానో ముందే రాసి ఆయనకు పంపాను. మూడో నెల ఫైలు వచ్చేదాకా ఫలితాల కాలమ్ తెరవను.